ఒకే అచ్చులో పోసిన లోపం: రెడీమేడ్ కంప్యూటర్ ఎక్కడ మొండికేస్తుంది?

హనుమకొండలో మా ఇంటికి మొదటి కంప్యూటర్ 2004లో వచ్చింది. పేరున్న కంపెనీది. అట్టపెట్టెలోంచి తీసి వైర్లు గుచ్చితే చాలు, పనిచేసే రకం. రెండేళ్లు బాగానే నడిచింది. మూడో ఏడు చలికాలం మొదలయ్యాక పొద్దున పూట బటన్ నొక్కితే ఫ్యాను తిరిగేది, లైటు వెలిగేది, తెర మీద మాత్రం ఏమీ వచ్చేది కాదు. ఆపి మళ్లీ నొక్కాలి. నాలుగోసారికో ఐదోసారికో లేచేది. ఒకసారి లేచిందంటే రాత్రి దాకా ఏ పేచీ పెట్టేది కాదు. శివరాత్రి దాటి ఎండలు ముదిరేకొద్దీ దానంతటదే బాగైపోయింది. మళ్లీ డిసెంబరు రాగానే మొదలు.

ఆ రెండు చలికాలాల్లో దానికి చెయ్యని వైద్యం లేదు. ర్యామ్ ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో కాళ్లు రుద్ది మళ్లీ పెట్టారు. వైరస్ అన్నారు, ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా వేశారు. యూపీఎస్‌లో బ్యాటరీ మార్చారు. కంపెనీ సర్వీసు మనిషి వచ్చి వారంటీ అయిపోయిందనీ, మదర్‌బోర్డు మొత్తం మార్చాలనీ చెప్పి, కొత్త కంప్యూటర్ ధరలో సగం దాకా లెక్క చెప్పి వెళ్లాడు. చివరికి మా వీధి చివర టీవీలు బాగుచేసే ఆయన పక్క రేకు విప్పి, టార్చి వేసి చూపించాడు. ప్రాసెసర్ చుట్టూ చిన్న చిన్న పీపాల్లా నిలబడ్డ కెపాసిటర్లు. చదునుగా ఉండాల్సిన వాటి నెత్తులు పూరీల్లా పొంగి ఉన్నాయి. రెండింటి మీద గోధుమరంగు పొక్కు కట్టింది. దగ్గరికి వంగితే చేపల వాసన లాంటిదేదో ముక్కుకు తగిలింది. "ఇగో చూడుండ్రి సార్, తలలెట్ల ఉబ్బినయో. ర్యామ్ ఏం జేస్తది, విండోస్ ఏం జేస్తది?" అన్నాడు.

మా మిత్రుడి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో అదే మోడల్ ఎనిమిది ఉన్నాయి. ఆ ఆదివారం వెళ్లి ఎనిమిదీ విప్పాం. ఐదింటిలో అదే చోట, అవే కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. వాడు మాత్రం అప్పటిదాకా ఒకదానికి ర్యామ్ పోయిందనీ, ఇంకొకదానికి వైరస్ పట్టిందనీ, మూడోదాన్ని పిల్లలు సరిగ్గా షట్‌డౌన్ చెయ్యక పాడుచేశారనీ అనుకుంటున్నాడు. ఐదు యంత్రాలకూ జబ్బు ఒకటే. వాడి నోట్‌బుక్‌లో మాత్రం ఐదు వేర్వేరు రిపేర్లుగా రాసి ఉంది.

రెడీమేడ్ కంప్యూటర్లు ఎందుకు పాడవుతాయన్న ప్రశ్నను నేను అప్పటినుంచీ ఈ వైపు నుంచే చూస్తున్నాను. విడిభాగాలు కొని బిగించుకున్న అసెంబుల్డ్ కంప్యూటర్‌లో తప్పు జరిగితే ఆ ఒక్క ఇంటికే పరిమితం. రెడీమేడ్‌లో ఎక్కడో డిజైన్ గదిలో, కొనుగోలు విభాగంలో ఒకరు తీసుకున్న ఒక్క నిర్ణయం లక్షల పెట్టెల్లోకి అచ్చుగుద్దినట్టు వెళ్తుంది. కొన్నవాడికి మాత్రం అది తన ఒక్కడి దురదృష్టంలా కనిపిస్తుంది.

కెపాసిటర్ ఎందుకు ఉబ్బుతుంది

ప్రాసెసర్‌కు కావలసింది ఒకటిన్నర వోల్టు అటూఇటూ, అయితే పదుల కొద్దీ ఆంపియర్ల కరెంటు. గోడ కరెంటును దించి లోపలి భాగాలకు పంచే డబ్బా ఎస్‌ఎంపీఎస్. దాని నుంచి వచ్చే 12 వోల్టులను మదర్‌బోర్డు మీది రెగ్యులేటర్ సెకనుకు లక్షల సార్లు ఆన్, ఆఫ్ చేస్తూ అంతకు దించుతుంది. అలా తరిగి ఇచ్చిన కరెంటులో ఎత్తుపల్లాలు ఉంటాయి. వాటిని చదును చేసేది కెపాసిటర్. ఊరి చెరువు వరదను ఆపి, కాలువకు సమంగా నీళ్లు వదిలినట్టు అది పనిచేస్తుంది.

లోపల ఉండేది చుట్టచుట్టిన అల్యూమినియం రేకులు, మధ్య కాగితం, దాన్ని తడిపి ఉంచే ఎలక్ట్రోలైట్ ద్రవం. కరెంటు సులువుగా సాగడానికి కంప్యూటర్ బోర్డుల మీది రకాల్లో ఈ ద్రవంలో నీటి పాలు ఎక్కువగా ఉంచుతారు. నీరు అల్యూమినియాన్ని తినేయకుండా కొన్ని రసాయనాలు కలపాలి. ఆ కలపడం సరిగ్గా లేకపోతే నీరు, లోహం కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. వాయువుకు బయటికి దారి లేదు. నెత్తిన గాటు పెట్టి ఉంచేది అందుకే: ఒత్తిడి మితిమీరితే పేలిపోకుండా ముందు అక్కడ ఉబ్బి, తర్వాత చీలుతుంది.

మా కంప్యూటర్ చలికాలంలోనే ఎందుకు మొరాయించిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ద్రవం చల్లబడితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. మంచి కెపాసిటర్‌లో ఆ పెరుగుదల లెక్కలోకి రాదు. సగం ఎండిపోయినదానిలో మాత్రం అదే ప్రాణం మీదికి తెస్తుంది. నాలుగైదుసార్లు బటన్ నొక్కడంలో అది కాస్త వేడెక్కి, అడ్డు తగ్గి, ప్రాసెసర్‌కు కావలసిన కరెంటు సరిగ్గా అందేది. మేం దాన్ని మొండితనం అనుకున్నాం. అది చలికి బిగుసుకుపోయిన ముసలి భాగం.

ఇదంతా మా ఊరి ముచ్చటే కాదు. 2000 తర్వాత నాలుగైదేళ్లు ప్రపంచమంతటా ఈ కెపాసిటర్ల జబ్బు నడిచింది. తైవాన్ తయారీదారులు ఎవరిదో ఫార్ములా దొంగిలించి సగమే రాసుకొచ్చారన్న కథ అప్పట్లో బాగా తిరిగింది. తప్పంతా చవక సరుకుదేనని జనం స్థిమితపడటానికి ఆ కథ పనికొచ్చింది. అయితే అందరికన్నా పెద్ద దెబ్బ తిన్న డెల్ కంపెనీ ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లలో ఉన్నవి జపాన్‌లో పేరుమోసిన నిచికాన్ కంపెనీ కెపాసిటర్లు. పేరున్న పెట్టెలో, పేరున్న భాగం.

డెల్ వ్యవహారం కాస్త వివరంగా చూడాలి. 2003 మే నుంచి 2005 జూలై దాకా ఆ ప్రమాదం ఉన్న కంప్యూటర్లను కనీసం 1 కోటి 18 లక్షలు ఆ కంపెనీ పంపింది. 2005లో మరమ్మతుల ఖర్చు కింద సుమారు 30 కోట్ల డాలర్లు రాసుకుంది. 2007లో ఒక ఇంటర్నెట్ సర్వీసు సంస్థ అమెరికాలో కోర్టుకెక్కింది. ఆ కేసు పత్రాలు 2010లో బయటపడేదాకా అసలు లోతు జనానికి తెలియలేదు. మూడేళ్లలో ఆ యంత్రాల్లో 97 శాతం దాకా ఇబ్బంది పెట్టవచ్చని కంపెనీ అధ్యయనమే లెక్క తేల్చిందని ఆ కేసులో చెప్పారు. టెక్సస్ విశ్వవిద్యాలయం గణిత విభాగం తమ కంప్యూటర్లు వరసగా చస్తున్నాయని మొరపెట్టుకుంటే, కష్టమైన లెక్కలు చేయించి యంత్రాలను అలసిపోనిచ్చారన్న జవాబు వచ్చింది. కొన్నిచోట్ల పాడైన బోర్డు తీసి, అదే లోపమున్న ఇంకో బోర్డు పెట్టారు. ఈ చివరి మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. బోర్డు మార్చినా ఆర్నెల్లకు మళ్లీ అదే గోల వస్తే, కొన్నవాడు ఇక తన ఇంటి కరెంటునే అనుమానిస్తాడు. తననే అనుమానించుకుంటాడు.

మరి అసెంబుల్డ్ కొంటే?

మనవైపు దీనికి తడుముకోకుండా వచ్చే జవాబు ఒకటుంది: "బ్రాండెడ్ వద్దు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి విడిభాగాలు కొని బిగించుకో." నేనూ ఏళ్లపాటు అదే చెప్పాను. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మామూలు జనం వాడే పది లక్షల కంప్యూటర్ల క్రాష్ రికార్డులు తీసుకుని ప్రచురించిన అధ్యయనం చదివాక ఆ మాట ఆపేశాను. ప్రాసెసర్, మెమరీ తప్పుల వల్ల క్రాష్ అవడంలో పేరున్న కంపెనీల యంత్రాలే బయట బిగించినవాటికన్నా మెరుగ్గా నిలిచాయి. హార్డ్ డిస్కుల్లో తేడా లేదు. డెస్క్‌టాప్‌లకన్నా ల్యాప్‌టాప్‌లు నమ్మకంగా నడిచాయి. ఎప్పుడూ కింద పడుతూ లేస్తూ తిరిగే ల్యాప్‌టాప్ గట్టిదని తేలడం చాలామందికి మింగుడుపడదు.

ఆ అధ్యయనంలో నా మనసులో నాటుకున్న అంకెలు వేరే ఉన్నాయి. ఎనిమిది నెలల్లో ప్రాసెసర్ నడిచిన సమయమంతా కలిపితే కనీసం 30 రోజులు వచ్చిన యంత్రాల్లో, ప్రాసెసర్ వైపు తప్పు వల్ల క్రాష్ అయ్యే అవకాశం 190లో 1. ఒకసారి అలా క్రాష్ అయినదానికి రెండోసారి అయ్యే అవకాశం 3.3లో 1. అంటే హార్డ్‌వేర్ తప్పు గాలివాటంగా వచ్చి పోయేది కాదు, వచ్చిందంటే గూడు కట్టుకుంటుంది. "ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి, మళ్లీ వస్తే చూద్దాం" అనే సలహా ఎంత ప్రమాదమో ఈ అంకెలో ఉంది. మొదటిసారి నీలం తెర పడ్డ రోజే ఫొటోలు, పిల్లల మార్కుల కాగితాలు, పొలం పాస్‌బుక్ స్కాన్లు వేరే డిస్కులోకి తీసి పెట్టుకోవాలి.

కాబట్టి సగటున రెడీమేడ్ నాసిరకమేమీ కాదు. చిక్కంతా ఆ సగటులోనే ఉంది. ఒక మోడల్ పదేళ్లు కిమ్మనకుండా నడుస్తుంది, అదే కంపెనీ పక్క మోడల్ మూడేళ్లలో మందలు మందలుగా పడిపోతుంది. రెండింటి ప్రకటన కాగితమూ ఒకేలా ఉంటుంది: ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్, ఎంత స్టోరేజ్. ఆయుష్షును తేల్చే ఎస్‌ఎంపీఎస్, బోర్డు మీది రెగ్యులేటర్, గాలి వెళ్లే దారి ఆ కాగితం మీదికి రావు. కోత పడేది కూడా వీటిమీదే.

గాలి సంగతే తీసుకుందాం. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల మీద 85 డిగ్రీలనో 105 డిగ్రీలనో రాసి ఉంటుంది. 2,000 గంటల ఆయుష్షు అని చెప్పేది ఆ వేడి దగ్గర. ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. పెట్టె లోపల కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర పనిచేస్తోందనుకోండి. 85 డిగ్రీల రకం అయితే 8,000 గంటలు: రోజుకు 8 గంటల చొప్పున 1,000 రోజులు, మూడేళ్లు కూడా నిండవు. 105 డిగ్రీల రకం అయితే 32,000 గంటలు, అదే వాడకంతో దాదాపు పదకొండేళ్లు. రెండింటి మధ్య ధర తేడా తక్కువే, అది లక్షల పెట్టెల మీద గుణిస్తే పెద్ద మొత్తం. అందంగా సన్నగా ఉండాలని పెట్టెను కుదించి, ఒకే ఫ్యాను పెట్టి, లోపలి వేడి ఇంకో 10 డిగ్రీలు పెరగనిస్తే ఈ రెండు లెక్కలూ సగానికి పడిపోతాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో గదే 40 డిగ్రీలు దాటి ఉంటే, పెట్టె లోపలి లెక్క అక్కడినుంచి మొదలవుతుంది.

పాడయ్యాక బాగుచేసుకునే దారి ఇంకో సమస్య. 1995లో వచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం పుణ్యాన ఏ కంపెనీ ఎస్‌ఎంపీఎస్ అయినా ఏ బోర్డుకైనా సరిపోవాలి. కొన్ని రెడీమేడ్‌లలో అలా ఉండదు. డెల్ 1998 తర్వాత కొన్నేళ్లు చూడటానికి అచ్చం ఏటీఎక్స్ లాగే ఉన్న ప్లగ్గులో వైర్ల వరస మార్చి పెట్టింది. బజారులో కొన్న ఎస్‌ఎంపీఎస్ అందులో చక్కగా దిగేది, ఆన్ చెయ్యగానే బోర్డు కాలేది. ఇప్పటి రెడీమేడ్‌లలో ప్లగ్గు ఆకారమే వేరుగా ఉంటోంది కాబట్టి కాలే ప్రమాదం తగ్గింది. బజారులో దొరకని ఇబ్బంది అలాగే ఉంది. కొనేముందు షాపులో "దీని ఎస్‌ఎంపీఎస్ పోతే బయటిది పడుతుందా?" అని అడగండి. ప్రాసెసర్ వేగం గురించి అడిగే పది ప్రశ్నలకన్నా ఇదొక్కటి ఎక్కువ పనికొస్తుంది.

మన ఇంటి కరెంటు

నేరమంతా కంపెనీదే అనడమూ సరికాదు. ఇంటి గోడలోంచి వచ్చే కరెంటు పాలు కూడా ఉంది, దాన్ని విడదీసి చూడటం తెలియాలి.

ఎండాకాలం సాయంత్రం లో వోల్టేజి వచ్చి 230 ఉండాల్సిన చోట 170 వస్తే, ఆధునిక ఎస్‌ఎంపీఎస్ ఆగదు. తనకు కావలసిన పవర్ కోసం మూడో వంతుకు పైగా ఎక్కువ కరెంటు లాగుతుంది. తెర మీద ఏ తేడా కనపడదు, లోపల వేడి పెరుగుతుంది. ఆయుష్షు అక్కడ తరుగుతుంది.

కరెంటు పోగానే ఇన్వర్టర్ ఉన్నా కంప్యూటర్ ఆరిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. అందరూ ఇన్వర్టర్‌ను తిడతారు. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం కరెంటు తెగిపోయినా ఎస్‌ఎంపీఎస్ 16, 17 మిల్లీసెకన్లు నిలబెట్టాలి. ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో ఉంటే సుమారు 10 మిల్లీసెకన్లలో అందుకుంటుంది, మామూలు మోడ్‌లో దానికి కొన్ని రెట్లు పడుతుంది. ముందుగా ఇన్వర్టర్ వెనకవైపు ఈ మోడ్ మార్చే చిన్న స్విచ్ ఎటు ఉందో చూడండి. యూపీఎస్ మోడ్‌లోనే ఉండి, రెండేళ్లు బాగా నడిచి, ఇప్పుడు కొత్తగా ఆరిపోతోందంటే అనుమానం ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్ మీదికి వెళ్లాలి. ముసలిదయ్యేకొద్దీ అది పట్టి ఉంచే వ్యవధి తగ్గుతుంది.

ఇక సీపీయూ డబ్బా ముట్టుకుంటే జివ్వుమనడం. మన ఇళ్లలో దీన్ని మామూలే అనుకుంటారు. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తింగ్ లేనప్పుడు, ఎస్‌ఎంపీఎస్ ముందుభాగంలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల డబ్బా రేకు దాదాపు సగం వోల్టేజి దగ్గర, అంటే 115 వోల్టుల దరిదాపుల్లో తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా కొద్దిదే కాబట్టి చిమచిమతో సరిపోతుంది. ఆ స్థితిలో మానిటర్ కేబులో ప్రింటర్ కేబులో గుచ్చితే మాత్రం ఆ పోర్టు పోవచ్చు. రేపు ఎస్‌ఎంపీఎస్ లోపల ఏదైనా తెగితే మనిషికే ప్రమాదం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. దీన్ని వాయిదా వెయ్యొద్దు.

గుర్తు ఒకచోట, జబ్బు ఇంకోచోట

పాత కెపాసిటర్ల రోజులు పోయాయి, ఇప్పటి మంచి బోర్డుల మీద ప్రాసెసర్ చుట్టూ ద్రవం లేని ఘన కెపాసిటర్లే ఉంటున్నాయి. లోపం గుంపుగా రావడం మాత్రం పోలేదు. ఇంటెల్ 13వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 2022 అక్టోబరులో, 14వ తరం 2023 అక్టోబరులో వచ్చాయి. వీటితో ఖరీదైన గేమింగ్ కంప్యూటర్లు కొన్నవాళ్లకు ఆట మొదలవగానే వీడియో మెమరీ చాలడం లేదన్న సందేశం రావడం మొదలైంది. వీడియో కార్డులో కావలసినంత మెమరీ ఉంది. అయినా జనం డ్రైవర్లు మార్చారు, కార్డులు మార్చారు, విండోస్ మళ్లీ వేశారు. 2004లో కొన్న మా ఇంటి యంత్రం కథే ఇది, ఒక్క సామాన్లే కొత్తవి.

2024 జూలైలో ఇంటెల్ అసలు సంగతి ఒప్పుకుంది. ప్రాసెసర్‌ను లోపలినుంచి నడిపే సూచనలు, అంటే మైక్రోకోడ్, అవసరానికి మించిన వోల్టేజి అడుగుతోంది. ఆ వోల్టేజి, వేడి కలిసి కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) లోపల గడియార సంకేతాన్ని మోసే సర్క్యూట్‌ను తొందరగా ముసలిదాన్ని చేస్తున్నాయి. ఆ కోర్ కంప్రెస్ చేసిన ఫైళ్లను విప్పేటప్పుడు లెక్క తప్పితే, ఆట దాన్ని మెమరీ చాలకపోవడంగా అర్థం చేసుకుని ఆ సందేశం చూపిస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో దిద్దుబాటు మైక్రోకోడ్ వచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించారు. ఆ దిద్దుబాటు ఇకముందు జరిగే నష్టాన్ని ఆపుతుంది తప్ప జరిగినదాన్ని పూడ్చదు.

రెడీమేడ్ కొన్నవాళ్ల ఇబ్బంది ఇక్కడ ఇంకో మెట్టు ఎక్కువ. మైక్రోకోడ్ వచ్చేది బయోస్ (కంప్యూటర్‌ను లేపే, బోర్డు మీది ప్రోగ్రామ్) అప్‌డేట్‌లో. విడిగా బోర్డు కొన్నవాడు బోర్డు కంపెనీ సైట్‌కు వెళ్తాడు. రెడీమేడ్ యంత్రానికి బయోస్ ఇవ్వాల్సింది ఆ యంత్రం కంపెనీయే, ప్రాసెసర్ మార్చమని అడగాల్సిందీ దాన్నే. వాళ్లు ఆ మోడల్‌ను మరిచిపోయి ఉంటే మన పని అక్కడే ఆగుతుంది. ఈ రెండు తరాల ప్రాసెసర్ ఉన్న రెడీమేడ్ డెస్క్‌టాప్ మీ ఇంట్లో ఉంటే, బయోస్ తేదీ 2024 సెప్టెంబరు తర్వాతిదో కాదో ఇవాళే చూడండి.

తేదీ అంటే గుర్తొచ్చింది. ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం పాత సంవత్సరానికి వెళ్తే, నెట్ ఉన్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే, బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చి చూడండి. కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. దీనికే ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లను చూశాను.

మిగతా అన్నిటికీ నేను చేసేది ఒకటే పద్ధతి. విండోస్‌లో స్టార్ట్ దగ్గర రిలయబిలిటీ అని కొడితే రోజువారీ చరిత్ర ఒకటి తెరుచుకుంటుంది. ఏ రోజు ఏది కూలిందో ఎర్ర గుర్తులతో కనిపిస్తుంది. ఒకే ప్రోగ్రామ్ పదే పదే కూలితే అనుమానం ఆ ప్రోగ్రామ్ మీద. సంబంధం లేని ప్రోగ్రాములు, విండోస్‌తో సహా, అక్కడక్కడా కూలుతుంటే హార్డ్‌వేర్ మీద. దాని పక్కనే ఒక కాగితం పెట్టుకుని, పొద్దునా సాయంత్రమా, ఎండా చలా, కరెంటు అప్పుడే వచ్చిందా, అన్నీ రాయండి. "చలికి లేవదు, ఎండకు లేస్తుంది" అని మేం మొదటి ఏడాదే రాసిపెట్టి టీవీ మెకానిక్‌కు చూపించి ఉంటే రబ్బరుతో ర్యామ్ రుద్దే పని ఉండేది కాదు. తర్వాత అదే మోడల్ ఉన్న ఇంకో ఇద్దరిని వెతికి పట్టుకుని వాళ్ల యంత్రాలు ఎలా ఉన్నాయో అడగండి. ముగ్గురికీ ఒకే తంతు అయితే సర్వీస్ సెంటర్‌కు ముగ్గురి సీరియల్ నంబర్లతో ఒకే ఉత్తరం వెళ్లాలి. మా మిత్రుడు ఐదు నంబర్లూ రాసి పంపాక, అప్పటిదాకా వారంటీ లేదన్న కంపెనీ ఐదు బోర్డులూ ఉచితంగా మార్చింది.

మా ఇంటి యంత్రాన్ని మాత్రం మేం పంపలేదు. టీవీ మెకానిక్ తొమ్మిది కెపాసిటర్లు ఊడదీసి, 105 డిగ్రీల రకం తెచ్చి అతికాడు. ఒక మధ్యాహ్నం పని. పాతవి అగ్గిపెట్టెలో వేసి నా చేతికిచ్చాడు. ఆ కంప్యూటర్ ఇంకో ఐదు చలికాలాలు ఒక్క నొక్కుతోనే లేచింది. చివరికి పోయింది హార్డ్ డిస్క్.